లష్కర్ పాదిరి, పల్లె దారి

సికింద్రాబాదును మన మెదక్, సిద్దిపేట వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. లష్కర్ అంటే దండు. 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో కుదుర్చుకున్న సైన్య సహకార ఒప్పందం ఆ దండును హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన శాశ్వతంగా కూర్చోబెట్టింది. 1806లో సికిందర్ జా పేరు పెట్టుకుని ఆ దండే ఊరైంది. దండు ఎక్కడ దిగినా ఒంటరిగా దిగదు. దాని వెనకే బజారు వస్తుంది, సారా దుకాణం వస్తుంది, ఆసుపత్రి వస్తుంది, సమాధుల తోట వస్తుంది. దేవుడూ వస్తాడు. డోలీ మోసే సురిటి అప్పయ్య పల్టనుతో పాటు ఉజ్జయినికి బదిలీ మీద వెళ్ళి, 1813లో కలరా ప్రబలిందని విని మహంకాళికి మొక్కుకున్నాడనీ, 1815లో తిరిగొచ్చి అమ్మవారిని నిలిపి మొక్కు తీర్చాడనీ లష్కర్ బోనాల కథ చెబుతుంది. ఇంటికి దూరంగా, చావుకు దగ్గరగా బతికే మనిషికి తనవాడైన దేవుడు పక్కన ఉండాలి. ఈ అవసరం తెలుగు డోలీ బోయీకి ఎంత ఉందో, సముద్రాలు దాటి వచ్చిన తెల్ల సిపాయికీ అంతే ఉంది. అతని కోసం వచ్చినవాడే సైన్యపు పాదిరి.

ఈ పాదిరి గురించి మన ప్రాంత చరిత్ర రాసేవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. నిజాం చరిత్ర రాసేవారికి అతను కంపెనీ ఉద్యోగి. మిషన్ల చరిత్ర రాసేవారికి అతను మిషనరీ కాకముందు నాలుగు రోజులు చేసిన కొలువు. నా అభిప్రాయం వేరు. నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల్లోకి ప్రొటెస్టెంటు క్రైస్తవం వచ్చిన పెద్ద దారుల్లో ఒకటి ఈ దండు పాదిరి కొలువు గుండానే పోయింది. అయితే ఆ కొలువులోనే ఉండిపోయినవాళ్ళ గుర్తు మన నేల మీద దాదాపు ఏమీ మిగల్లేదు. దాని గుమ్మం దాటి, తెలుగు నేర్చుకుని ఊళ్ళలోకి నడిచినవాళ్ళ గుర్తే మిగిలింది. మెదక్ చర్చి కథను, సిద్దిపేట చుట్టుపక్కల సంఘాల కథను ఈ కోణం నుంచి చూస్తేనే సరిగ్గా అర్థమవుతుందని నా వాదన.

ముందు కొలువు సంగతి. పాదిరి అన్న మాట మనకు పోర్చుగీసు నుంచి వచ్చింది. కంపెనీ జీతమిచ్చి పెట్టుకున్న పాదిరులు ఇంగ్లండు దేశపు అధికారిక సంఘానికి, అంటే ఆంగ్లికన్ సంఘానికి చెందినవాళ్ళు. ఆదివారం ఉదయం పల్టన్ వరుస కట్టి చర్చికి కదిలేది. ఆ ఆరాధన నడపడం, ఆసుపత్రిలో జ్వరపడ్డవాళ్ళ మంచాల దగ్గర కూర్చోవడం, పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, అన్నిటికన్నా ఎక్కువగా సమాధి చేయడం, ఇవీ అతని పనులు. 19వ శతాబ్దంలో తెల్ల సిపాయిలను ఇక్కడ చంపింది ప్రధానంగా శత్రువు తూటా కాదు; కలరా, రక్త విరేచనాలు, చలిజ్వరం. లూథరన్లకు, మెథడిస్టులకు ఈ కొలువు పక్కదారిన దక్కింది. సొంత పాదిరి దొరకని కోటలో అక్కడున్న మిషనరీని పిలిచి కొంత భత్యం ఇచ్చి పని నడిపించుకునేవారు. మన కథలో ముఖ్యమైనవాళ్ళంతా ఇలా పక్కదారిన వచ్చినవాళ్ళే. పూర్తి ఉద్యోగి కాని ఆ మనిషికి బయటికి నడిచే స్వేచ్ఛ కొంత మిగిలింది.

లూథరన్ల విషయానికొస్తే, మొదటి అడుగు మన భాషతోనే ముడిపడి ఉంది. జర్మనీలో బ్రాండెన్‌బర్గ్ ప్రాంతపు సోనెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో 1689లో పుట్టిన బెంజమిన్ షుల్జ్ 1719లో తరంగంబాడి డేనిష్ మిషన్‌కు వచ్చాడు. 1726లో మద్రాసు చేరాడు. అక్కడ తమిళంతో పాటు తెలుగూ వినిపించడంతో తెలుగు నేర్చుకుని బైబిల్ అనువాదానికి పూనుకున్నాడు. ఆ అనువాదం అచ్చుకాలేదు. కానీ అతను జర్మనీకి తిరిగి వెళ్ళాక హాలే పట్టణంలో 1746, 1747 సంవత్సరాల్లో వేయించిన చిన్న ప్రశ్నోత్తర గ్రంథాలే తెలుగు లిపిలో మనకు తెలిసిన తొలి అచ్చు పుస్తకాలు. తెలుగు అక్షరం మొదట అచ్చు యంత్రం ఎక్కింది గోదావరి ఒడ్డునో కృష్ణ ఒడ్డునో కాదు, ఒక లూథరన్ పాదిరి చేతుల మీదుగా జర్మనీలో. మన అచ్చు చరిత్రలో దీనికి ఇంకా పెద్ద చోటు దక్కాలి.

అదే సోనెన్‌బర్గ్‌లో 1726లో పుట్టిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ ష్వార్ట్జ్ హాలేలో షుల్జ్ దగ్గర తమిళ బైబిల్ అచ్చు పనిలో చేయి వేసి, ఆ ఆసక్తితోనే 1750లో తరంగంబాడిలో దిగాడు. సైన్యపు పాదిరిగా పనిచేసిన లూథరన్లలో దక్షిణాదిన ఇతనంత పేరు పొందినవాడు మరొకడు లేడు. తిరుచిరాపల్లి కోటలో ఇంగ్లీషు సిపాయిలకు పాదిరి లేడు. ఇతనికి ఇంగ్లీషు సరిగ్గా రాదు. మొదట్లో అచ్చయిన ఇంగ్లీషు ప్రసంగాలనే చదివి వినిపిస్తూ, వాళ్ళ కోసం ఆ భాష పట్టాడు. మందుగుండు కొట్టు పేలి సిపాయిల పిల్లలు అనాథలైతే వాళ్ళకు బడి పెట్టాడు. 1768 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం అతన్ని దండు పాదిరిగా నియమించి ఏడాదికి 100 పౌండ్లు ఇచ్చింది. అందులో పెద్ద భాగం తన సంఘం పనులకే ఖర్చుపెట్టాడు. తమిళం, మరాఠీ, హిందుస్తానీ, పారసీ నేర్చుకున్నాడు. తర్వాత తంజావూరులో స్థిరపడ్డాడు. అది నాయకరాజుల కాలం నుంచీ తెలుగు పదం, తెలుగు పాట కొలువుదీరిన ఊరు. ఇతను అక్కడున్న రోజుల్లోనే పక్కన తిరువయ్యారులో త్యాగరాజు పెరుగుతున్నాడు. తంజావూరు రాజు తన దత్తపుత్రుడు శరభోజీ బాగోగులు ఈ పాదిరికి అప్పగించాడు. శరభోజీ మతం మారలేదు. అయినా 1798లో పాదిరి పోయాక ఇంగ్లండు శిల్పి ఫ్లాక్స్‌మన్ చేత పాలరాతి స్మారకం చెక్కించి పెట్టించాడు. ఒక హిందూ రాజు ఒక లూథరన్ పాదిరికి కట్టించిన ఆ రాయి ఇప్పటికీ తంజావూరులో ఉంది.

ష్వార్ట్జ్ కథలోనే ఈ కొలువులోని చిక్కూ కనిపిస్తుంది. 1779లో మద్రాసు గవర్నరు అతన్ని శ్రీరంగపట్నం పంపాడు. హైదరాలీ మనసులో ఏముందో కనుక్కోవడానికి, శాంతి మాట చెప్పడానికి నమ్మదగిన మనిషి కావాలి. దుబాసీ అక్కర్లేకుండా హైదరుతో ఎదురెదురుగా మాట్లాడగలవాడు ఇతనే. హైదరు మర్యాద చేసి డబ్బు సంచి ఇస్తే, పాదిరి దాన్ని అనాథ పిల్లల బడికి వాడాడు. కానీ మరుసటి ఏడాదే హైదరు సేనలు కర్ణాటకంలో దిగాయి. పాదిరి మోసిన శాంతి సందేశం కంపెనీ నడవడిక ముందు నిలవలేదు. జీతమిచ్చే చేయి మాట తప్పితే, పాదిరి మాట ఎంత నిజాయితీదైనా తేలిపోతుంది. ఇది ఆ ఒక్కడి వైఫల్యం కాదు, ఆ కొలువుకు పుట్టుకతో ఉన్న లోపం.

తెలుగు నేల మీదా ఇదే అచ్చు కనబడుతుంది. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్ వాళ్ళు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ కోటలోని తెల్లవాళ్ళకు ఆదివారం ఆరాధన నడిపి భత్యం తీసుకుంటూ, మిగతా రోజుల్లో తెలుగు నేర్చుకున్నారు. తరంగంబాడి లూథరన్ల దగ్గర బాప్తిస్మం పొందిన బ్రాహ్మణుడు ఆనందరాయర్ తోడు రావడంతో సువార్తల అనువాదం సాగింది. ఇద్దరూ 1810 నాటికే కన్నుమూశారు; కోట ఆరాధనలో వాళ్ళేం చెప్పారో ఎవరికీ పట్టలేదు, అనువాదం మాత్రం 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. అయితే గుంటూరు కథ వేరు. 1842 జూలై 31న అక్కడ దిగిన అమెరికా లూథరన్ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్‌కు దండుతో పనే పడలేదు. కలెక్టరు హెన్రీ స్టోక్స్ అతన్ని ఆదరించి బళ్ళు తెరవడానికి తోడ్పడ్డాడు. మరి సైన్యం గుమ్మం అంత ముఖ్యమని ఎలా అంటారు, హయ్యర్ అది లేకుండానే ఆంధ్ర లూథరన్ సంఘానికి మూలపురుషుడయ్యాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు భూగోళంలో ఉంది. గుంటూరు కంపెనీ ఏలుబడి. 1813 చట్టం తర్వాత మిషనరీ అక్కడ ఊరూరా తిరగవచ్చు, కలెక్టరే అండ. సిద్దిపేట, మెదక్, కరీంనగర్ నిజాం రాజ్యం. అక్కడ ఇంగ్లీషు కలెక్టరు లేడు. పట్వారీ నుంచి తాలూక్‌దారు దాకా అధికారం నిజాంది, దేశ్‌ముఖ్ గడి మాట నిజాం మాటకన్నా దగ్గర. ఆ రాజ్యం నడుమ ఇంగ్లీషువాడి మాట చెల్లే చోటు ఒక్క లష్కరే. గుంటూరుకు కలెక్టరు కచేరీ చేసిన పని మన వైపు దండు చేసింది. గోదావరి గట్టున దుమ్ముగూడెంలో మిషన్ పనికి కారకుడు హేగ్ అనే సైనిక ఇంజనీరు కావడమూ కాకతాళీయం కాదనిపిస్తుంది.

లష్కర్ నుంచి పల్లెదారి పట్టినవాళ్ళు లూథరన్లు కారు, వెస్లియన్ మెథడిస్టులు. ఇద్దరినీ ఒక గాటన కట్టవచ్చా? కట్టవచ్చు. జాన్ వెస్లీ జీవితాన్ని మలుపు తిప్పిన 1738 మే 24 రాత్రి లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో చదువుతున్నది రోమీయుల పత్రికకు మార్టిన్ లూథర్ రాసిన ముందుమాట. అంతకు పాతికేళ్ళ ముందే అతని తల్లి సుసన్నా తరంగంబాడి లూథరన్ మిషనరీల వృత్తాంతం చదివి కదిలిపోయి, ఇంట్లో పిల్లలను కూర్చోబెట్టుకుని బోధించడం మొదలుపెట్టిందని ఆమె ఉత్తరమే చెబుతుంది. అంటే తరంగంబాడి తీరంలో పుట్టిన ఒక వార్త ఇంగ్లండు పల్లె ఇంటిదాకా పోయింది. ఆ ఇంటి సంతతి పెట్టిన సంఘం నూటయాభై ఏళ్ళకు పైగా గడిచాక సికింద్రాబాద్ దాకా వచ్చింది. దండులో వెస్లియన్ సిపాయిల్ని ప్రత్యేక వర్గంగా గుర్తించడం 19వ శతాబ్దం రెండో సగంలోనే జరిగింది. వాళ్ళకు పాదిరి కావాలి. 1870ల చివర మద్రాసు నుంచి హెన్రీ లిటిల్ వచ్చి చూసి వెళ్ళాడు, వెంటనే విలియం బర్జెస్ సికింద్రాబాదులో కాపురం పెట్టాడు. సిపాయిల ఆరాధన ఒక చేత్తో, తెలుగు బోధ మరో చేత్తో. 1880లు ముగిసేలోపే కరీంనగర్, సిద్దిపేట, మెదక్ ఆ మిషన్ పటం మీదికి ఎక్కాయి.

ఈ దారిలో అందరికన్నా పేరుపడ్డవాడు చార్లెస్ వాకర్ పోస్నెట్. 1895లో వచ్చాడు. అతనికి అప్పగించిన పని తిరుమలగిరి బ్యారకుల్లోని ఇంగ్లీషు సిపాయిలకు పాదిరిగా ఉండటం. ఆ రోజుల్లోనే అదే దండు జీతం తింటున్న వైద్యుడు రొనాల్డ్ రాస్ బేగంపేటలో హుసేన్ ఖాన్ అనే రోగికి దోమకొక అణా చొప్పున ఇచ్చి కుట్టించుకోమని, 1897 ఆగస్టు 20న ఆ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. ఒకడు సిపాయి ఒంటికి, ఒకడు ఆత్మకు వైద్యుడుగా వచ్చినవాళ్ళు. ఇద్దరికీ బ్యారకు సరిపోలేదు. పోస్నెట్‌కు దండులో పని తృప్తినివ్వలేదు. 1896లో మెదక్ వచ్చి డాక్ బంగళాలో దిగాడు. ఆ ప్రాంతం మొత్తం మీద అప్పుడు క్రైస్తవులు రెండు వందలకు మించరని చెబుతారు. సికింద్రాబాద్ నుంచి గోదావరి లోయ రైలు మార్గం ఇంకా పడలేదు, ఎడ్లబండే దారి. మెదక్ నుంచి రామాయంపేట మీదుగా సిద్దిపేట చేరడమంటే వానాకాలంలో రోజులు పట్టే పని. సిద్దిపేట స్టేషన్‌కు రైలు రావడం 2023 అక్టోబరులో గానీ జరగలేదన్న సంగతి గుర్తుంచుకుంటే, ఆ కాలపు దూరాలు కొంతైనా ఊహకందుతాయి.

బ్యారకు వదిలి అతనేం సంపాదించాడు? దండులో పాదిరి ఎదుట కూర్చునేది తన భాష, తన దేశం, తన బైబిల్ ఉన్న మనిషి. ఆరాధనకు రావడం ఆ మనిషికి డ్యూటీ. మెదక్ ఊళ్ళలో పాదిరికి ఎదురుపడ్డది మాల, మాదిగ వాడలు. వెట్టి చేసే చేతులు, చచ్చిన పశువును ఊరవతలికి మోసే భుజాలు, బడి గడప ఎరగని పిల్లలు. వాళ్ళు అతని దగ్గరికి రావాలన్న హుకుం ఎవరూ ఇవ్వరు. వస్తే ఊరి దొర కోపం, పటేల్ పట్వారీల వేధింపు. వాళ్ళతో మాట్లాడాలంటే తెలుగు రావాలి, అదీ పండితుల తెలుగు కాదు, వాడ తెలుగు. నిజాం కచేరీల్లో ఉర్దూ, బడుల్లో ఉర్దూ నడుస్తున్న కాలంలో వాడ పిల్లలకు తల్లిభాషలో అక్షరం చెప్పిన చోట్లలో మిషన్ బడి ఒకటి. ఆంధ్ర మహాసభ తెలుగు మాటకు మర్యాద అడగడం 1930లలో ఉద్యమమైంది. అంతకుముందే ఊరి బయట గుడిసెలో ఒక ఉపదేశి పలక మీద అ, ఆలు దిద్దించాడు. తెలంగాణ తెలుగు చదువు చరిత్రలో ఈ గుడిసె బళ్ళను లెక్కలోకి తీసుకోకపోవడం అన్యాయం.

ఇదంతా విన్నాక వచ్చే పెద్ద అభ్యంతరం కరువుది. గంజి పోసి మతం మార్చారన్న మాట మన వైపు ఇప్పటికీ వినిపిస్తుంది. దీన్ని కొట్టిపారేయకూడదు. 1899-1900 నాటి కరువు, మొదటి ప్రపంచ యుద్ధ కాలపు కరువు దక్కనును పిండేశాయి. మెదక్ చర్చి పునాది పడ్డది 1914లో, పూర్తయి ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబరు 25న. ఆ పదేళ్ళ కట్టడం చాలా మందికి కరువు పనిగా కడుపు నింపింది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం, ఐదు వేల మంది పట్టే ఆవరణ. ఆకలి లేకపోతే ఇంత రాయి ఇంత వేగంగా లేచేదా అంటే, లేచేది కాదనే అనాలి. కానీ ఆకలి తెచ్చినవాడు పాదిరి కాదు. పని చేయించి కూలి ఇచ్చిన చోట బిచ్చం అన్న మాట పొసగదు. రాయి మోసినవాడు ఎవరికీ రుణపడలేదు. ఇక మతం సంగతి. గంజి ఒక ఎండాకాలం మాట. వానలు పడ్డాక, గంజి కేంద్రాలు మూసేశాక, పటేల్ కళ్ళెర్రజేసినా, ఊరి జాతరల్లో తమకున్న వంతు, మిరాశీ పోయినా జనం వెనక్కి పోలేదు. నాలుగు తరాలు నిలిచారు. కడుపు కోసమే వచ్చినవాళ్ళు కడుపు నిండాక ఎందుకు ఉండిపోతారు? గంజితో పాటు వాళ్ళకు మరేదో దొరికింది. పేరు పెట్టి పిలిచేవాడు, పక్కన కూర్చోబెట్టేవాడు, పిల్లకు అక్షరం చెప్పేవాడు దొరికాడు. ఆకలిని వాడుకున్నారన్న విమర్శలో కొంత నిజం ఉంటే ఉండవచ్చు; ఆ జనానికి ఆలోచనే లేదన్నట్టు మాట్లాడటంలో మాత్రం నిజం లేదు, అది వాళ్ళను రెండోసారి వెలివేయడమే.

రెండో అభ్యంతరం సామ్రాజ్యానిది, ఇది మరింత బరువైనది. దండు పాదిరి తుపాకీ పక్కన నడిచాడు, అతను ఊళ్ళోకి వచ్చినా తుపాకీ నీడ వెంటే వచ్చింది, తెల్లదొర అన్న హోదా లేకపోతే నిజాం అధికారులు అతనికి స్థలం ఇచ్చేవారా? ఇచ్చేవారు కాదనే నేనూ అనుకుంటాను. ఆ నీడ ఎంత చిక్కటిదో 1914లో లూథరన్లకు జరిగింది చూస్తే తెలుస్తుంది. నెల్లూరు, తిరుపతి, శ్రీకాళహస్తి వైపు హెర్మన్స్‌బర్గ్ మిషన్ జర్మన్లు, సాలూరు, పార్వతీపురం, జయపురం వైపు బ్రెక్లమ్ మిషన్ జర్మన్లు దశాబ్దాలుగా తెలుగువాళ్ళ మధ్య బతికినవాళ్ళు. యుద్ధం రాగానే వాళ్ళు శత్రుదేశీయులయ్యారు. పట్టుకుని నిర్బంధ శిబిరాలకు పంపారు. హెర్మన్స్‌బర్గ్ వాళ్ళ సంఘాల బాధ్యత చివరికి అమెరికాలోని ఒహాయో లూథరన్లు తీసుకోవాల్సి వచ్చింది. సరిగ్గా ఆ ఏళ్ళలోనే మెదక్‌లో పోస్నెట్ గోడలు లేస్తున్నాయి. ఇద్దరూ బోధించింది ఒకే గ్రంథం, ఇద్దరి చుట్టూ ఉన్నది ఒకే రకం బీదజనం. ఒకరు జైలుకు, ఒకరు కట్టడానికి. తేడా పుట్టిన దేశంలో ఉంది. ఈ నిజాన్ని దాచి మిషన్ల చరిత్ర రాస్తే అది పొగడ్త అవుతుంది గానీ చరిత్ర కాదు. అయితే ఈ సాక్ష్యమే రెండో సంగతీ చెబుతుంది. జర్మన్ పాదిరులు పోయినా నెల్లూరు, తిరుపతి సంఘాలు చెదిరిపోలేదు; దక్షిణాంధ్ర లూథరన్ సంఘంగా ఇవాళా ఉన్నాయి. 1947లో బ్రిటిష్ దండు వెళ్ళిపోయినా మెదక్ సంఘం ఖాళీ కాలేదు. అదే ఏడాది సెప్టెంబరు 27న ఏర్పడ్డ దక్షిణ ఇండియా సంఘంలో ఒక మేత్రాసనమైంది. తుపాకీ నీడలోనే బతికేదైతే తుపాకీతోనే పోవాలి. పోలేదంటే వేళ్ళు వేరే నేలలో దిగాయన్నమాట.

బ్యారకులోనే ఉండిపోయిన పాదిరిని నేను తక్కువ చేస్తున్నానా? ఈ మాటకూ జవాబివ్వాలి. ఇరవై ఏళ్ళ కుర్రాడు తల్లి పేరు తలుస్తూ కలరాతో పోతుంటే మంచం వదలకుండా కూర్చున్నవాడి పని చిన్నది కాదు. ఆ పాత సమాధుల మీద చదవగలిగిన వయసులు చూస్తే గుండె బరువెక్కుతుంది. ఇవాళ మన భారత సైన్యమూ పండిట్, గ్రంథి, మౌల్వీ, పాదిరి అని ధర్మగురువులను జేసీవో హోదాలో నియమిస్తోంది. అవసరం ఎవరి సైన్యంలోనైనా ఒకటే. నేనంటున్నది ఆ సేవ విలువ గురించి కాదు, దాని హద్దు గురించి. అది సైన్యంతో వచ్చి సైన్యంతో పోయే సేవ. ష్వార్ట్జ్ కోటలో ఎంతో చేశాడు, కానీ అతన్ని దక్షిణాది మరవకపోవడానికి కారణం కోట బయట నేర్చిన భాషలు. ఈ దారిలో పోస్నెట్ ఒంటరి కాదు. వెస్లియన్ మిషన్‌లోనే డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రి తెరిచారు. దానికి పెద్ద విరాళం ఇచ్చింది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. లష్కర్‌లో మొదలైన దారి చివర ఇలాంటి చోట్లు వచ్చాయి.

చివరి అభ్యంతరం నాకు నచ్చినది, ఎందుకంటే అది నా వాదనకే సవరణ. కథంతా తెల్ల పాదిరుల పేర్లతో నిండిపోయింది, ఊళ్ళో నిజంగా పని చేసింది వాళ్ళా? కాదు. ఒక దొర జిల్లా అంత ప్రాంతాన్ని చుట్టివచ్చేసరికి నెలలు గడిచేవి. మిగతా రోజులు ఆ ఊళ్ళో నిలిచింది ఉపదేశి, అతని భార్య, ఇంటింటికీ తిరిగిన బైబిలు స్త్రీలు. పాటలు కట్టింది వాళ్ళు, జ్వరానికి కషాయం కాచింది వాళ్ళు, పటేల్ చేతి దెబ్బలు తిన్నదీ వాళ్ళే. విశాఖలో ఆనందరాయర్ పేరైనా మిగిలింది. మెదక్, సిద్దిపేట ఊళ్ళ తొలి ఉపదేశుల్లో ఎక్కువమంది మిషన్ నివేదికల్లో పేరు లేకుండా ఒక అంకెగా మాత్రమే మిగిలారు. కాబట్టి గుమ్మం దాటిన పాదిరి అన్న నా మాటను ఇలా దిద్దుకోవాలి: గుమ్మం తెరిచింది దండు, దాటింది పాదిరి, అవతల చేయి పట్టుకుని ఊళ్ళోకి నడిపించింది వాడ మనిషి. ఆ మూడో మనిషి లేకపోతే పోస్నెట్ కథ డాక్ బంగళా దగ్గరే ఆగిపోయేది. 1964లో రాజమండ్రిలో లూథరన్లు, బాప్టిస్టులు, దక్షిణ ఇండియా సంఘం వాళ్ళు, మెథడిస్టులు కలిసి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల పెట్టి, తర్వాత దాన్ని హైదరాబాదుకు తెచ్చినప్పుడు, అక్కడ చదివిన, చెప్పిన తెలుగు పాదిరుల్లో చాలామంది ఆ పేరులేని ఉపదేశుల మనవలూ మునిమనవలే.

మెదక్ చర్చికి 2024 డిసెంబరుతో నూరేళ్ళు నిండాయి. రాయిని చూసుకునేవాళ్ళు ఉన్నారు, కాగితాన్ని చూసుకునేవాళ్ళే తక్కువ. సిద్దిపేట, రామాయంపేట, మెదక్, కరీంనగర్ వైపు పాత చర్చీల బీరువాల్లో, పాత పాదిరుల ఇళ్ళ ట్రంకు పెట్టెల్లో బాప్తిస్మపు రిజిస్టర్లు, పెళ్ళి పుస్తకాలు, ఉపదేశుల జీతాల చిట్టాలు ఎక్కడైనా మిగిలి ఉంటే అవి మన వాడల తొలి లిఖిత చరిత్ర. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరి పేరు వరసగా రాసి ఉన్న అలాంటి పుస్తకం మీ కంట పడితే చెదలు పట్టకముందే ఫొటో తీయించండి, ఒక ప్రతి జిల్లా గ్రంథాలయంలో పెట్టించండి, మీ సంఘ పెద్దలతో ఈ మాట ఎత్తండి.